పీచ్ పండు, ఆరోగ్యం – 3వ పాఠం: ఎంచుకోవడం, మగ్గబెట్టడం, కోయడం

తాజా పీచ్ పండు 100 గ్రాములు తీసుకుంటే అందులో దాదాపు 89 గ్రాములు నీరేనని, శక్తి 40 క్యాలరీలకు అటూ ఇటూగా ఉంటుందని, పీచు పదార్థం ఒకటిన్నర గ్రాములు, పొటాషియం 190 మిల్లీగ్రాములు, విటమిన్ సి 6 నుంచి 7 మిల్లీగ్రాములు దొరుకుతాయని గత పాఠంలో చూశాం. ఈ అంకెల్లో ఏ ఒక్కటీ గొప్పది కాదు. తీపి తినాలన్న కోరికను తక్కువ క్యాలరీలతో, ఎక్కువ నీటితో, కొంత పీచు పదార్థంతో తీర్చడమే ఈ పండు చేసే అసలు మేలు. తొక్కలో, తొక్కను ఆనుకుని ఉన్న కండలో క్లోరోజెనిక్ ఆమ్లం వంటి పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు, పసుపు కండ ఉన్న రకాల్లో బీటా కెరోటిన్ వంటి కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు దీనికి అదనం. పీచ్ తింటే ఫలానా జబ్బు నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. పండు సారాన్ని ప్రయోగశాలలో కణాల మీద వేసి చూడడం వేరు, మనిషి పండు తినడం వేరు.

అయితే ఈ మేలు అందాలంటే పండు తినబుద్ధి అయ్యేలా ఉండాలి. పిండిలా పొడిపొడిగా ఉండే పండును ఎవరూ రెండోసారి కొనరు. కాబట్టి ఈ పాఠంలో చేతి పని నేర్చుకుందాం.

పండు మీది ఎరుపును చూసి కొనేవారే ఎక్కువ, మొదట్లో నేనూ అలాగే మోసపోయాను. ఆ ఎరుపు చాలావరకు రకాన్ని బట్టి, ఎండ తగిలిన తీరును బట్టి వచ్చేదే తప్ప పక్వానికి గుర్తు కాదు. చూడవలసింది ఎరుపు వెనుక ఉన్న అడుగు రంగును. తొడిమ గుంట చుట్టూ, ఎరుపు పాకని చోట తొక్క ఆకుపచ్చగా ఉంటే అది పక్వానికి రాకముందే కోసిన కాయ; పసుపు రకమైతే బంగారు పసుపులోకి, తెల్ల కండ రకమైతే మీగడ రంగులోకి తిరిగి ఉండాలి. పీచ్‌లో పిండి పదార్థపు నిల్వ చాలా తక్కువ కనుక, కోసిన తరువాత అది మెత్తబడుతుంది, వాసన పుంజుకుంటుంది, పులుపు తగ్గుతుంది, కానీ చక్కెర పెద్దగా పెరగదు. పచ్చిగా కోసిన కాయను ఎన్నాళ్లు దాచినా దానికి తీపి రాకపోవడానికి కారణం ఇదే. రంగు చూశాక తొడిమ వైపు వాసన చూడండి. తరువాత ఆ గుంట పక్కన వేలి మెత్తతో, గోరు తగలకుండా, తేలికగా ఆనించి చూడండి. కొద్దిగా లొంగితే చాలు. గట్టిగా నొక్కితే మర్నాటికి అక్కడ గోధుమ రంగు మచ్చ తేలుతుంది.

కాస్త గట్టిగా ఉన్న పండ్లను తొడిమ వైపు కిందికి ఉంచి, ఒకదానిపై ఒకటి పడకుండా, గది వేడిమిలో ఒకటి నుంచి మూడు రోజులు మగ్గనివ్వాలి. తొందరగా కావాలంటే కాగితపు సంచిలో అరటిపండుతో కలిపి ఉంచితే, రెండింటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు సంచిలోనే నిలిచి పని త్వరగా అవుతుంది. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. మగ్గని పండును తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. ఇంటి ఫ్రిజ్‌లో సాధారణంగా ఉండే 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చలి పీచ్‌కు అన్నిటికంటే చెరుపు చేస్తుంది: కండలో కణాలను అంటిపెట్టి ఉంచే జిగురులాంటి పెక్టిన్ కరగవలసిన తీరులో కరగక, రసాన్ని తనలో పట్టి ఉంచుకోవడంతో, పండు లోపల తడి ఉన్నా నోటికి రసం తగలదు. ఈ లోపం చలిలో ఉన్నంతసేపు బయటపడదు, తీసి మగ్గబెట్టాకే తెలుస్తుంది. పూర్తిగా మగ్గిన పండునైతే రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు.

తినబోయే ముందు మాత్రమే, పారే నీటి కింద అరచేతితో రుద్ది నూగు పోయేలా కడగాలి. తరువాత పండు మీది గాడి వెంట కత్తిని టెంకకు తగిలేదాకా దించి, చుట్టూ తిప్పి, రెండు సగాలనూ ఎదురెదురుగా మెలిపెట్టండి. టెంక వదిలే రకమైతే విడిపోతుంది. అంటుకునే రకమైతే మెలిపెట్టకుండా ముక్కలుగా కోసుకోవడమే మేలు. తొక్క తీయవద్దు. టెంకలోని పప్పును మాత్రం తినకూడదు. అందులోని అమిగ్డలిన్ అనే పదార్థం నమిలినప్పుడు, జీర్ణమయ్యేటప్పుడు సయనైడ్‌గా మారుతుంది.

కొందరికి పీచ్ తగలగానే నోరు, పెదవులు దురద పెడతాయి. తొక్కలో ఎక్కువగా ఉండే ఒక మాంసకృత్తి వల్ల తీవ్రమైన అలర్జీ కూడా రావచ్చు, ఆ మాంసకృత్తి ఉడికించినా పోదు. అలాంటివారు తొక్క తీసి ప్రయత్నిద్దామనుకోకుండా వైద్యుణ్ణి అడగాలి. పీచ్‌లో సహజంగా ఉండే సార్బిటాల్ అనే తీపి పదార్థం పడనివారికి కడుపు ఉబ్బరం రావచ్చు. పొటాషియం తగ్గించుకోమని వైద్యులు చెప్పిన మూత్రపిండాల రోగులు ఎంత తినవచ్చో ముందే తెలుసుకోవాలి.

అభ్యాసం: ఒకే రకానికి చెందిన, ఇంకా గట్టిగా ఉన్న పండ్లు నాలుగు తీసుకోండి. రెండింటిని గదిలో మగ్గబెట్టి కోసి, రసం, వాసన, టెంక వదిలిన తీరు రాసి పెట్టుకోండి. మిగతా రెండింటిని పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, తీసి, గదిలో మగ్గబెట్టి అవే మూడు విషయాలు రాయండి. 4వ పాఠంలో డబ్బా పీచ్‌ను, ఎండబెట్టిన పీచ్‌ను తాజా పండుతో పోల్చేటప్పుడు ఈ కాగితం దగ్గర ఉండాలి.