తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలా? ముందు సేవ్ నొక్కకండి

మా డీటీపీ షాపు హనుమకొండలో. మొన్న పరకాల నుంచి ఒక తమ్ముడు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. "అన్నా, చెల్లె లగ్గం పత్రిక. ప్రెస్సుల మంచిగనే కనబడ్డది, మా ల్యాప్‌టాప్‌ల జూస్తే అంతా పిచ్చి అక్షరాలే!" వైరస్ అనుకొని విండోస్ మళ్లీ వేయించేదాకా పోయాడు. చెడిపోయిన తీరు చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటే

ఆ తమ్ముడి ఫైలు ఇదే. 'అను' లాంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత నంబరు ఉండదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తలకట్టు, గుడి, వత్తు బొమ్మలను కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్నచోట తెలుగు, లేనిచోట లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక నంబరిచ్చే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, 1991లో వచ్చిన తొలి వెర్షన్ నుంచీ తెలుగుకు విడిగా చోటుంది.

ప్రింటు ఒక్కటే కావాలంటే ఫాంట్ ఉన్న సిస్టమ్‌లోనే పీడీఎఫ్ చేయించుకోండి. మార్పులు చేయాలంటే అదే ఫాంట్, అదే వెర్షన్ వేసుకోవాలి. వాట్సాప్‌లో పెట్టాలంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక వత్తులు ఒక్కొక్కటీ చూడండి. మధ్యలో ఇంగ్లీషులో ఉన్న ఫంక్షన్ హాల్ పేరును కూడా కన్వర్టర్ తెలుగే అనుకొని ఖరాబు చేస్తుంది.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే

అక్షరాలు భద్రం. ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు బొమ్మలు లేవంతే. నిర్మలా యూఐ లేదా నోటో సాన్స్ తెలుగు పెట్టి చూడండి.

ఎక్సెల్‌లో చిత్రమైన గుర్తులు వస్తే

గ్రూప్ సంఘాల అక్కలు తెచ్చే సభ్యుల జాబితాల్లో ఇది ఎక్కువ. నెత్తిన చిన్న గీతతో ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఏ, ఈసారి ప్లస్ కింద మైనస్... వరుసంతా ఇదే పాట. యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు, అంటే మూడు ముక్కలు. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేరువేరు అక్షరాలుగా చదివింది. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, అందుకే ఆ ఏ వదలకుండా వస్తుంది.

ఇలాంటి జాబితా సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలు) వస్తే దాని మీద డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటాలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. పేర్లన్నీ నిలబడతాయి.

అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే

ఇదొక్కటే నిజంగా టెన్షన్ పడాల్సింది. తెలుగుకు చోటులేని ఆన్సీ పద్ధతిలో ఎవరో సేవ్ చేశారు, ప్రతి అక్షరం బదులు ప్రశ్నార్థకమే ఫైల్లోకి ఎక్కింది. ఏ ఫాంటూ దాన్ని వెనక్కి తేలేదు. పాత కాపీ ఏ మెయిల్లోనో ఉందేమో వెతకండి. సేవ్ నొక్కవద్దని మొదట్లోనే చెప్పింది ఇందుకే. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో ఒకసారి చూడండి. 2019 తర్వాతి విండోస్ 10లో అది దానంతటదే ఉంటుంది, పాత సిస్టమ్‌లలో మనమే మార్చాలి.

కంటికి కనిపించే మాట సెర్చ్‌లో దొరకకపోతే

'సాఫ్ట్‌వేర్'లో ట్ కింద వ వత్తు పడకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దాన్ని కొడతారు, ఇంకొకరు కొట్టరు. కంప్యూటర్‌కు అవి రెండు వేరే మాటలు. వెతికే మాటను చేత్తో కొట్టకుండా ఫైల్లోంచే కాపీ చేసి పెట్టండి.