రిమోట్ బండ్లు – 3వ పాఠం: నాలుగు బండ్లు, నలుగురు ఆటగాళ్లు

పోయిన పాఠంలో ఒక బండి, ఒక రిమోట్ తయారయ్యాయి. అదే ప్రోగ్రామును ఇంకో మూడు జతల్లోకి ఎక్కించి, హన్మకొండలో మా డాబా మీద పిల్లలకిచ్చాను. ఒకడు ముందుకు నొక్కాడు. నాలుగు బండ్లూ కలిసికట్టుగా వెళ్లి పిట్టగోడకు గుద్దుకున్నాయి. "మామా, నా బండి నా మాట వింటలేదు" అని మా అక్క కొడుకు ఏడుపు మొహం పెట్టాడు. అది అందరి మాటా వింటోంది, అదే గొడవ.

చవక బొమ్మ కార్లలోనూ ఇంతే. 27 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఒకే రకం కార్లు రెండు పక్కపక్కన పెడితే, ఒకదాని రిమోట్ రెండోదాన్ని కూడా కదిలిస్తుంది. మన బండిలో, రిమోట్‌లో ఉన్న చిన్న రేడియో బోర్డు, ఎన్ఆర్ఎఫ్24 మాడ్యూల్ నయం. ఇది పంపే ప్రతి ప్యాకెట్‌లో, అంటే ఒక విడతలో పంపే సమాచారపు మూటలో, 5 బైట్ల అడ్రస్ ఉంటుంది. తనది కాని ప్యాకెట్‌ను బండి పట్టించుకోదు. కాబట్టి మొదటి జతకు 00001, రెండో జతకు 00002, అలా ఇవ్వండి. రిమోట్‌లో రైటింగ్ పైప్ (పంపే దారి), బండిలో రీడింగ్ పైప్ (వినే దారి), రెండు చోట్లా అదే అడ్రస్. ఎక్కించిన వెంటనే టేప్ ముక్క మీద నంబరు రాసి బండికీ రిమోట్‌కీ అంటించండి. నేను అంటించలేదు, ఏది ఎవరిదో తేల్చడానికే ఒక సాయంత్రం పోయింది.

అడ్రస్‌లు మార్చాక రెండు బండ్లు బాగానే పరుగెత్తాయి. నాలుగూ దిగేసరికి కుదుపులు. ఛానెల్ ఇదని మనం చెప్పకపోతే, మాడ్యూల్‌ను నడిపే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ, అన్నింటినీ 76 మీదే పెడుతుంది. అడ్రస్‌లు వేరైనా గాలిలో దారి ఒక్కటే. పైగా నా రిమోట్ ప్రోగ్రాములో మళ్లీ మళ్లీ నడిచే భాగంలో (లూప్) కాసేపు ఆగమనే డిలే లేదు, ఆగకుండా పంపుతూనే ఉంది. రెండు ప్యాకెట్లు గుద్దుకుంటే రెండూ పాడవుతాయి.

లెక్క చూడండి. జాయ్‌స్టిక్ విలువలు 4 బైట్లు, అడ్రస్ వగైరా కలిపి సుమారు 105 బిట్లు. 250 కేబీపీఎస్ (సెకనుకు రెండున్నర లక్షల బిట్లు) వేగంలో అది 0.42 మిల్లీసెకన్ల పని. 20 మిల్లీసెకన్ల డిలే పెడితే సెకనుకు 50 ప్యాకెట్లు, అంటే ఒక్కో రిమోట్ సెకనులో 21 మిల్లీసెకన్లే మాట్లాడుతుంది. చేతికి తేడా తెలియదు. ఛానెళ్లు కూడా 74, 76, 78, 80గా విడగొట్టండి. 74 అంటే 2474 మెగాహెర్ట్జ్, ఇంటి వైఫై 1, 6, 11లో ఏది వాడుతున్నా దానికి ఇది పైనే ఉంటుంది.

ప్యాకెట్ అందిందని బండి తనంతట తాను తిరిగి చెప్పే ఆటో ఆక్‌ను రెండు వైపులా ఆపేయండి. ఆ జవాబు రాకపోతే రిమోట్ అదే ప్యాకెట్‌ను మళ్లీ పంపుతుంది. అందని ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపడం ఉత్తరాలకు పనికొస్తుందేమో గానీ, బండికి కాదు. 20 మిల్లీసెకన్లలో కొత్తది ఎలాగూ వస్తుంది.

అయితే ఒక్కటీ రాకపోతే? బండి చివరగా విన్నదే పట్టుకుని పోతూ ఉంటుంది. అందుకే ప్యాకెట్ అందిన ప్రతిసారీ మిల్లీస్ విలువ (బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు) దాచుకుని, 300 మిల్లీసెకన్లు దాటితే మోటార్లు ఆపేలా రాయండి. బండి పరుగులో ఉండగా రిమోట్ స్విచ్ ఆపి చూడండి. మొదటిసారి మాత్రం బండి కింద ఇటుక పెట్టి, చక్రాలను గాలిలో తిప్పుతూ చేయండి.