పిల్లకాయకి పెద్ద ఆపరేషన్ ఉందా? ముందు వాడికి చెప్పండి

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారనగానే ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. పెద్దమ్మకి, మేనమామకి, పక్కింటి వాళ్ళకి అందరికీ చెప్తారు, పిల్లకాయకి తప్ప. వాడు బొమ్మతో ఆడుకుంటున్నాడనుకుంటాం కానీ చెవులు రెండూ ఇక్కడే ఉంటాయి. ‘కోస్తారంట’, ‘రక్తం ఎక్కిస్తారంట’ అన్న ముక్కలు ఏరుకుని మిగతాది వాడే ఊహించుకుంటాడు, ఆ ఊహ అసలు ఆపరేషన్ కంటే భయంకరంగా ఉంటుంది.

కాబట్టి మొదటి పని చెప్పడం. నెల్లూరులోనే చేయించినా, చెన్నైకో వేలూరుకో పోయినా, గుండె సమస్య అయితే తిరుపతిలో టీటీడీ వాళ్ళు 2021లో మొదలుపెట్టిన పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రికి పోయినా సరే, ‘కొండకి పోయి స్వామిని చూసొద్దాం’ అని బయల్దేరదీసి తీరా వార్డులో మంచమెక్కించొద్దు. 3 ఏళ్ల లోపు వాళ్ళకి ఒకటి రెండు రోజుల ముందు చెప్తే చాలు, ఇంకా ముందు చెప్తే గుర్తుండదు. 4 నుంచి 6 ఏళ్ల వాళ్ళకి మూడు నాలుగు రోజుల ముందు, అంతకంటే పెద్దవాళ్ళకి వారం పది రోజుల ముందు. 12 దాటిన పిల్లల్ని డాక్టర్‌తో మాట్లాడేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళ ప్రశ్నలు వాళ్ళనే అడగనివ్వండి.

ఏం చెప్పాలి అంటే, నిజం, కొంచెం కొంచెంగా. ‘సూది అసలు నొప్పే ఉండదు’ అన్నారనుకోండి, మొదటి సూదికే మీ మాట అబద్ధమని తేలిపోతుంది, ఇక తర్వాత మీరేం చెప్పినా వినడు. ‘కాసేపు నొప్పిగా ఉంటుంది, ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపొద్దు, నేను పట్టుకునే ఉంటా’ అనండి. మత్తు గురించి ఊరికే ‘నిద్రపుచ్చుతారు’ అంటే కొందరికి రాత్రి పడుకోవాలన్నా భయమేస్తుంది. ‘ఇది డాక్టర్ మందుతో తెప్పించే నిద్ర, పని అయిపోగానే మందు ఆపేస్తారు, లేస్తావు’ అని చెప్పండి. ఐదారేళ్ల పిల్లలు అల్లరి చేసినందుకే ఇదంతా అని లోపల అనుకుంటారు, కాదని నోరు తెరిచి చెప్పాలి. ఇక ‘అన్నం తినకపోతే డాక్టర్ చేత సూది వేయిస్తా’ అని బెదిరించే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

ఇంట్లో ఉన్న బొమ్మ చేతికి దూది పెట్టి ప్లాస్టర్ అంటించి, ‘మందు ఇక్కడినుంచే లోపలికి పోతుంది’ అని చూపించండి. తర్వాత ప్లాస్టర్ వాడి చేతికిచ్చి, ఈసారి వాడినే వేయమనండి, అప్పుడు వాడే డాక్టర్. ఆపరేషన్ తర్వాత ఐసీయూలో నోట్లో గొట్టం ఉంటుందని డాక్టర్ చెప్తే, అది ఉన్నంతసేపు గొంతు రాదని ముందే చెప్పి సైగలు నేర్పండి, నొప్పైతే చెయ్యి ఎత్తడం, దాహమైతే వేలు చూపించడం. లేవగానే మాట రాకపోతే పిల్లలు బెదిరిపోతారు, ముందే తెలిస్తే ఆ బెదురు చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు కడుపు సంగతి, ఇక్కడ మొహమాటం పనికిరాదు. మామూలుగా టిఫిన్, ఆవుపాలు, డబ్బాపాలు మత్తుకి 6 గంటల ముందు, మాంసం, నూనె వస్తువులు 8 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపేయమంటారు. మీ డాక్టర్ వేరే టైం చెప్తే ఆ టైమే పాటించండి. కడుపులో ఉన్నది మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అవ్వకి మనసొప్పక, బిడ్డ ఏడుస్తున్నాడని చాటుగా ఒక బిస్కెట్ పెడుతుంది చూడండి, అసలు ప్రమాదం అక్కడే. అవ్వని విడిగా కూర్చోబెట్టి చెప్పండి. అయినా తినేశాడా, దాచకుండా నర్సుకి చెప్పేయండి, మహా అయితే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

జలుబు, దగ్గు, జ్వరం, ఈమధ్య వేయించిన టీకా, ఆస్తమా, ఫిట్స్, పడని మందులు, ఊగుతున్న పన్ను, నాటుమందులు, ఇంట్లో ఎవరికైనా మత్తు పడకపోయిన సంగతి, ఇవన్నీ మత్తు డాక్టర్‌కి చెప్పాలి. గుండె ఆపరేషన్ అయితే పుచ్చుపళ్ళు ముందే చూపించుకోండి, పంటి క్రిములు రక్తంలోకి పోయి గుండెకి పట్టొచ్చు. గోళ్ళరంగు, గోరింటాకు వద్దు, ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికే పెడతారు. పెంచలకోన దారమైనా, బారాషహీద్ దర్గా తాయెత్తైనా, మొలతాడైనా తీసేయమంటారు, అక్కడ గొడవ పడకుండా ఇంటి దగ్గరే తీసి దిండు కింద పెట్టుకుంటామని పెద్దవాళ్ళని ఒప్పించండి.

ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కింద చేయిస్తుంటే రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ జిరాక్స్‌తో సహా ఒకే కవర్లో పెట్టి, ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసిపెట్టే వైద్యమిత్రని ముందే కలవండి. రక్తం ఇచ్చేవాళ్ళు కావాలా అన్నదీ అప్పుడే అడగండి. ముందు గుండీలుండే చొక్కాలు, వాడికి ఇష్టమైన పాత దుప్పటి సంచిలో ఉండాలి. థియేటర్ తలుపు దాకా మీలో ఒకరే వెళ్లండి, ఎక్కువ ఏడవని వాళ్ళు.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం మామూలే, తిట్టొద్దు. ఎదురురొమ్ము ఎముక కోసి చేసిన గుండె ఆపరేషన్ అయితే సుమారు 6 వారాలు చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు, ఒక చెయ్యి వీపు కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద వేసి ఎత్తాలి. బ్రెడ్డు, పళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చే మామయ్యలకి ఈ ముక్క గుమ్మం దగ్గరే చెప్పండి, లోపలికి రాగానే ఎత్తుకునేది వాళ్ళే.