వినడం నేర్చుకుందాం – 8వ పాఠం: గాయకుడు మారిన బృందం కొత్త ఆల్బమ్‌ను ఎలా వినాలి?

క్రిందటి పాఠంలో బేస్ గిటార్‌ను, అంటే అన్నిటికంటే కింది స్వరాలు పలికే గిటార్‌ను, మిగిలిన గిటార్ల నుంచి విడదీసి వినడం అభ్యాసం చేశాం. అది ఇంకా కుదరనివారు మరొక వారం దాని మీదే ఉండి, తరువాతే ఈ పాఠంలోకి రావడం మంచిది. ఈ పాఠం గాయకుల గురించే అయినా, ఇందులో గొంతును అన్నిటికంటే చివర వింటాం.

ఏళ్ల తరబడి ఒకే గొంతుతో జనం మనసులో నిలిచిపోయిన బృందం, ఆ గాయకుడు చనిపోయినందువల్లనో విడిపోయినందువల్లనో మరొకరిని తెచ్చుకుని కొత్త ఆల్బమ్ విడుదల చేస్తే, వినేవారిలో ఎక్కువమంది వేసే ప్రశ్న ఒక్కటే: "పాతాయనలా పాడాడా?" ఆ ప్రశ్నకు మొదటి పాట సగం కాకముందే జవాబు దొరికిపోతుంది, దానితో వినడమూ అక్కడే ఆగిపోతుంది. మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు. కొత్త గొంతు కోసం ఆ బృందం తన వాయిద్యాలలో, తన పాట కట్టుబడిలో ఏమి మార్చుకున్నది, ఏమి మార్చుకోవడానికి ఒప్పుకోలేదు? దీనికి చెవితో జవాబు రాబట్టడమే నేటి పాఠం.

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో తిరునాళ్లప్పుడు పద్యనాటకం చూసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. హరిశ్చంద్ర నాటకం తెల్లవార్లూ ఆడేటప్పుడు ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకోవడం మన దగ్గర పరిపాటి. వారణాసి ఘట్టం ఒకరిదైతే కాటిసీను మరొకరిది. రెండవ హరిశ్చంద్రుడు తెర పక్కన నిలబడి గొంతు సవరించుకునే సమయంలో హార్మోనిస్టును గమనించండి. ఎడమ చేత్తో తిత్తిని ఊపడం ఆపకుండానే, కుడిచేతి వేళ్లను ఒకటి రెండు మెట్లు పక్కకు జరిపి, కొత్త శ్రుతిలో చిన్న ఆలాపన వాయిస్తాడు. నటుడు తల ఊపితే అక్కడే నిలుస్తాడు, లేకపోతే మరో అర శ్రుతి దించి చూస్తాడు. పాత్ర మారలేదు, పద్యమూ మారలేదు, హార్మోనియం మీద చెయ్యి మాత్రం జరిగింది. రాక్ ఆల్బమ్‌లో మనం వెతకవలసింది ఆ చెయ్యి జరగడాన్నే.

కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. రెండు చెవులకూ పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, ఫోన్‌లో ఒక హార్మోనియం యాప్, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినవద్దు, దానిలో బేస్ దాదాపుగా మాయమైపోతుంది. మన ఎండలలో ఫ్యాను కట్టేసి కూర్చోమనడం కష్టమే కాని, ఫ్యాను చప్పుడులో గాయకుల ఊపిరి వినిపించదు కాబట్టి, వేసవిలో ఈ అభ్యాసానికి తెల్లవారుజామే అనువైన వేళ.

మొదటి అభ్యాసానికి బ్లాక్ సబ్బత్‌ను తీసుకుందాం. గాయకుడి మార్పు వాయిద్యాలలో ఇంత స్పష్టంగా వినిపించే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఈ బృందం 1979లో తన తొలి గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్‌ను తొలగించి, అమెరికా గాయకుడు రానీ జేమ్స్ డియోను చేర్చుకుని, 1980 ఏప్రిల్‌లో 'హెవెన్ అండ్ హెల్' ఆల్బమ్‌ను విడుదల చేసింది. ముందుగా 1970 నాటి 'ప్యారనాయిడ్' ఆల్బమ్ నుంచి 'ఐరన్ మ్యాన్' పాట వినండి. టోనీ అయోమీ గిటార్ మీద రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే ఆ చిన్న స్వరాల వరుస, ఏ స్వరాల మీదుగా ఎక్కి దిగుతుందో ఓజీ గొంతు కూడా అవే స్వరాల మీదుగా ఎక్కి దిగుతుంది. హార్మోనియం మీద ఆ రిఫ్ వాయించడం వస్తే చరణం పాడడమూ వచ్చినట్టే. గొంతూ గిటారూ కలిసి ఒకే బరువై మీద పడడమే ఆ పాట బలం.

ఇప్పుడు 'హెవెన్ అండ్ హెల్' ఆల్బమ్‌లో అదే పేరున్న పాటకు రండి. మొదట వచ్చే పెద్ద రిఫ్, చరణం మొదలయ్యేసరికి తప్పుకుంటుంది. గీజర్ బట్లర్ బేస్ ఒక్కటే బిల్ వార్డ్ డ్రమ్స్‌తో కలిసి ఆగకుండా ముందుకు నడుస్తుంటే, గిటార్ ఎక్కడో దూరంగా అప్పుడప్పుడు మాత్రమే పలుకుతుంది. ఆ ఖాళీలో డియో రిఫ్‌తో సంబంధం లేని తనదైన రాగాన్ని తారస్థాయి, అంటే పై స్థాయి, వరకు తీసుకుపోతాడు. క్రిందటి పాఠం కుదిరినవారికి ఈ చోటు వెంటనే పట్టుబడుతుంది. అయోమీ వాయించే తీరు తెలిసినవారు ఇక్కడ ఆశ్చర్యపడాలి, ఎందుకంటే ఆ బృందంలో అందరికంటే పెద్ద గొంతు గిటారుదే. అది పక్కకు జరిగి మరొకరికి చోటిచ్చింది. ఓజీ గొప్పా డియో గొప్పా అనే వాదన ఎంతకాలం నడిచినా ఈ ఒక్క విషయాన్ని అది తాకలేదు.

అందువల్ల నోటుపుస్తకంలో ప్రతి పాటకూ మొదట రాసుకోవలసిన మాట ఇది: చరణంలో గిటార్ గొంతు వెంట నడుస్తున్నదా, గొంతుకు ఎదురు పలుకుతున్నదా, తప్పుకుని చోటిస్తున్నదా? పల్లవిలో సాధారణంగా అన్ని వాయిద్యాలూ ఒక్కసారిగా మీద పడతాయి కాబట్టి తేడా పట్టుకోవడం కష్టం. చరణమే నిజం చెబుతుంది.

వాయిద్యాలలో మార్పు దాదాపుగా లేకుండానే నెగ్గిన బృందం ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియాకు చెందిన ఏసీడీసీ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో మరణించిన అయిదు నెలలకే, జూలై 25న, ఇంగ్లండ్ గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో 'బ్యాక్ ఇన్ బ్లాక్' వెలువడింది. దానికి ముందు వచ్చిన 1979 ఆల్బమ్ 'హైవే టు హెల్'ను, దీనిని వరుసగా వింటే, రెండింటికీ నిర్మాత మట్ లాంగ్ అన్న సంగతి తెలియకపోయినా, మాల్కమ్ యంగ్, అంగస్ యంగ్ సోదరుల రిఫ్‌లూ, రిఫ్‌కూ రిఫ్‌కూ నడుమ వారు వదిలే ఖాళీలూ అలాగే ఉన్నాయని తెలుస్తుంది. మారింది గొంతు నిలబడే ఎత్తు. స్కాట్ మాట్లాడుతున్నట్టు, కొంటెగా పాడేచోట జాన్సన్ పై స్థాయిలో గీరుకుపోతున్న గొంతుతో నిలుస్తాడు. ఆ ఆల్బమ్‌లోని మొదటి పాట 'హెల్స్ బెల్స్'లో నిమిషానికి పైగా గంట మోత, గిటార్, డ్రమ్స్ తప్ప గొంతు వినిపించదు. చనిపోయిన తోటివానికి ముందుగా సంతాపం పలికి, ఆ తరువాతే కొత్తవాడిని పాడనిచ్చారు. ఆ క్రమాన్ని నేను ఎంతో గౌరవిస్తాను.

ఇప్పుడు కుదరని కూర్పును కూడా వినాలి, లేకపోతే చెవికి తూకం రాదు. ఇంగ్లండ్ బృందం ఐరన్ మెయిడెన్‌లో 1981 నుంచి పాడిన బ్రూస్ డికిన్‌సన్ 1993లో వెళ్లిపోగా, మరుసటి ఏడు వచ్చిన బ్లేజ్ బెయిలీది మంద్ర (కింది), మధ్య స్థాయిలలో నిండుగా పలికే గొంతు. 1995 నాటి 'ది ఎక్స్ ఫ్యాక్టర్' ఆల్బమ్‌లో 'సైన్ ఆఫ్ ది క్రాస్' అనే 11 నిమిషాల పాటను వినండి. బేస్ వాద్యకారుడు స్టీవ్ హారిస్ రాసిన ఆ పాటలోని చీకటికి బెయిలీ గొంతు ఎంతగా నప్పిందో తెలుస్తుంది. చిక్కు కచేరీలలో వచ్చింది. డికిన్‌సన్ తారస్థాయిని కొలతగా పెట్టుకుని కట్టిన పాత పాటలను బెయిలీ ప్రతి రాత్రీ పాడవలసి వచ్చింది. ఆ గొంతుకు అక్కడ న్యాయం జరగలేదని నా అభిప్రాయం. కొత్త పాటల్లో ఇచ్చిన చోటు పాత పాటల్లో ఇవ్వలేదు. అపజయమంతా గాయకుడి నెత్తిన వేసే సమీక్షలు చదివినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంత అభ్యాసం అయిన తరువాత, ఈమధ్య వచ్చిన ఆల్బమ్‌కు వద్దాం. అమెరికా బృందం లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జూలై 20న మరణించాడు. 2000లో తొలి ఆల్బమ్‌తో ప్రపంచమంతా తెలిసిన ఆ బృందం ఏడేళ్ల మౌనం తరువాత, 2024 సెప్టెంబరు 5న, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను గాయనిగా పరిచయం చేసి, నవంబరు 15న 'ఫ్రమ్ జీరో'ను విడుదల చేసింది. బృందం మొట్టమొదటి పేరు జీరోయే కనుక ఆ శీర్షికలో 'సున్నా నుంచి', 'ఆ పాత పేరు నుంచి' అనే రెండు అర్థాలూ ఉన్నాయి. మొత్తం 11 ట్రాకులు, సుమారు 32 నిమిషాలు. ఒకే కూర్చోవడంలో రెండుసార్లు వినగలిగిన నిడివి.

ఇక్కడ ఒక అపోహను ముందే తొలగించుకోవాలి. మన కచేరీ సంప్రదాయంలో, హార్మోనియం మెట్ల లెక్కన, పురుషులు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలోనూ, స్త్రీలు అయిదు, అయిదున్నర శ్రుతిలోనూ పాడడం చూసినవారు, పురుషుడి స్థానంలో స్త్రీ వచ్చింది కాబట్టి ఆల్బమ్ శ్రుతి అంతా తారుమారై ఉంటుందని అనుకుంటారు. బెన్నింగ్టన్‌ది పురుషులలో పై స్థాయి గొంతు. ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు కలిసిన గొంతుతో మధ్యస్థాయిలోనూ గట్టిగా నిలబడుతుంది. అందువల్ల వారిద్దరి నడుమ ఉన్న దూరం మనం ఊహించుకునేంత పెద్దది కాదు. ఊహతో కాక హార్మోనియంతో తేల్చుకోండి. పల్లవిలో గొంతు అన్నిటికంటే పైకి వెళ్లి నిలిచే స్వరాన్ని పట్టుకుని, దానిని మీరు నెమ్మదిగా కూనిరాగం తీస్తూ, యాప్‌లో దానికి సరిపోయే మెట్టును వెతకండి. పాత ఆల్బమ్‌లోని ఒక పల్లవికీ, కొత్త ఆల్బమ్‌లోని ఒక పల్లవికీ ఈ పని చేసి, రెండు మెట్లనూ పక్కపక్కన రాయండి.

ఆ తరువాత 'ది ఎంప్టీనెస్ మెషీన్' వినండి. గాయని పరిచయమైన రోజునే వచ్చిన పాట ఇది. మొదటి చరణమూ, మొదటి పల్లవీ పాడేది ఆమె కాదు, బృందం పుట్టుక నుంచి ఉన్న మైక్ షినోడా. ఆమె గొంతు రెండవ చరణంలో గాని రాదు. లింకిన్ పార్క్ పాట మొదటి నుంచీ రెండు గొంతుల మీద కట్టినది; ఒక గొంతు పోయినా రెండవది మిగిలింది. తెలిసిన గొంతుతో పాటను సగం దూరం నడిపించి, పల్లవి మన చెవికి అలవాటైన తరువాత, అదే పల్లవిని కొత్త గొంతుతో వినిపించారు. ఇంత ఆలోచనతో ఒక గాయనిని పరిచయం చేయడం నేను అరుదుగా విన్నాను. ఇలా మిగిలిన గొంతే ఆసరా అయిన ఆల్బమ్ ఇంకొకటి వినాలనుకుంటే, గాయకుడు లేన్ స్టేలీ 2002లో మరణించిన తరువాత అమెరికా బృందం అలిస్ ఇన్ చెయిన్స్ 2009లో కొత్త గాయకుడు విలియం డువాల్‌తో చేసిన 'బ్లాక్ గివ్స్ వే టు బ్లూ' ఉన్నది. అందులో ఆ బృందం గిటారిస్టు, రెండవ గాయకుడు జెర్రీ కాంట్రెల్ గొంతు చేసే పనిని ప్రత్యేకంగా గమనించండి.

'ఫ్రమ్ జీరో' అంతా ఈ తెలివితోనే సాగిందని చెప్పలేను. 'హెవీ ఈజ్ ది క్రౌన్' పాట 2003 నాటి 'మెటియోరా' ఆల్బమ్‌లోని 'ఫెయింట్' కట్టుబడికి చాలా దగ్గరగా ఉంటుంది: షినోడా ర్యాప్, దాని మీద ఎగసే పల్లవి, చివర పెద్ద కేక. పాత అచ్చులో కొత్త గొంతును పోసినప్పుడు వినేవారు పాత గొంతుతో పోల్చక ఏమి చేస్తారు? ఆ కేక వరకు వస్తే మాత్రం, దానికి శ్రుతి వెతకకండి, దొరకదు. గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ నిడివి కొలవండి. 2007 నాటి 'గివెన్ అప్' పాటలో బెన్నింగ్టన్ 17 సెకన్లపాటు నిలిపిన కేకనూ అలాగే కొలిచి, రెండూ ఎక్కడ సన్నబడుతున్నాయో, ఎక్కడ మళ్లీ బలం పుంజుకుంటున్నాయో రాయండి.

నా మట్టుకు ఈ ఆల్బమ్‌లో బృందం చెయ్యి నిజంగా జరిగిన పాట 'ఓవర్ ఈచ్ అదర్'. అందులో షినోడా ర్యాప్ లేదు, పాట బరువంతా ఆమె గొంతు మీదే పెట్టారు. చరణంలో వాయిద్యాలు తగ్గి, ఆమె ఊపిరి వినిపించేంత చోటు మిగిలింది. ఇక్కడ గొంతును గొంతుగా వినే సమయం వచ్చింది. ఒక చరణాన్ని తెలుగు అక్షరాలలో, మీకు వినిపించినట్టే రాసుకోండి, తప్పులు ఉన్నా ఫరవాలేదు. ఆమె ఊపిరి తీసుకున్న ప్రతి చోటా నిలువు గీత పెట్టండి. ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు పాడుతున్నదో, వాక్యం నడుమ ఎక్కడ ఊపిరి తెంచుతున్నదో ఆ గీతలే చూపిస్తాయి. చరణంలోని గీతలకూ పల్లవిలోని గీతలకూ తేడా కనిపిస్తే, ఆ తేడా ఉన్నచోట డ్రమ్స్ ఏమి చేస్తున్నాయో మళ్లీ వెనక్కి వెళ్లి వినండి.

వారం రోజుల అభ్యాసం: 'సైన్ ఆఫ్ ది క్రాస్' పాటను రెండు రూపాలలో వినాలి. ఒకటి పైన చెప్పిన బెయిలీ రికార్డు. రెండవది, 1999లో తిరిగి వచ్చిన డికిన్‌సన్ 2001 జనవరిలో బ్రెజిల్‌లో పాడగా, 2002లో 'రాక్ ఇన్ రియో' పేరుతో వెలువడిన కచేరీ రికార్డు. పాట ఒకటే, బేస్ ఒకరిదే, గొంతులు రెండు. ఏ చోట డికిన్‌సన్ రాగాన్ని పైకి ఎత్తాడో, ఏ చోట బెయిలీ మంద్రంలో పలికిందే బాగున్నదని మీకు అనిపించిందో, నిమిషంతో సహా రాయండి. పాట మొత్తం ఒకేసారి పట్టుకోవాలని చూడవద్దు, మొదటి నాలుగు నిమిషాలు చాలు.

'ఫ్రమ్ జీరో'లో మారింది గాయని ఒక్కరే కాదు. రాబ్ బోర్డన్ స్థానంలో కోలిన్ బ్రిటన్ డ్రమ్స్ వాయించాడు. వచ్చే పాఠం డ్రమ్మర్ మారిన బృందం గురించి కనుక, ఈ ఆల్బమ్‌ను ఫోన్‌లో అలాగే ఉంచుకోండి.