సోడా పోసే ముందు తూములోకి తొంగి చూడండి

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి తిరుపతిలో కాపురం పెడుతున్నవారికి గ్యాసు కనెక్షను గురించి, పిల్లల బడి గురించి చెప్పేవారికి కొదవ లేదు. వంటింటి తూము గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అది పొంగిన రోజున అందరూ ఒకే మాట అంటారు: వంటసోడా వేసి వినిగర్ పొయ్యండి అని. ఆ సలహా పూర్తిగా తప్పు కాదు. కానీ చాలాసార్లు అది అడ్డుపడినదానికి సంబంధం లేని మందు.

ముందుగా ఒక అలవాటు మానుకోవాలి. అమెరికాలో చాలా ఇళ్లలో సింకు కింద తిండి మిగుళ్లను నలిపే యంత్రం ఉంటుంది. ఇక్కడి ఇళ్లలో సాధారణంగా ఉండదు. కంచం సింకులోకే విదిలిస్తే మెతుకులన్నీ కింది వంపు గొట్టంలో చేరతాయి. రాగి సంగటి వండిన గిన్నె మరీ మొండిది. అడుగున అంటిన సంగటి నీళ్లలో నాని ఉబ్బి జిగురవుతుంది, పులుసు మీది నూనె దానికి తోడవుతుంది. దోసెల పిండి గిన్నె కడిగిన నీళ్లదీ ఇదే కథ. గిన్నెను ముందు వేలితో తుడిచి ఆ మిగులు చెత్తబుట్టలో వేయడం మీ ప్లంబరు ఖర్చును చాలావరకు తప్పిస్తుంది. దీపం కుందుల్లో మిగిలిన నూనె, వత్తులు కూడా సింకులోకి వెళ్లకూడదు.

నీళ్లు నిలిచిపోయాయా? ఎక్కడ నిలిచాయో చూడండి. వంటింటి సింకు ఒక్కటే అయితే అడ్డు బహుశా దాని కింది వంపులోనే ఉంటుంది, అది జిడ్డూ పిండీ కలిసినదే అయి ఉంటుంది. స్నానాల గది అయితే జాలీ కింద నహానీ ట్రాపులో, అంటే నేల తూము కింద కొద్దిగా నీళ్లు నిలిచే గిన్నెలాంటి భాగంలో, దాదాపు ఎప్పుడూ వెంట్రుకలే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలకు లెక్క ఉంటుంది, వేలమూ ఉంటుంది. మన ఇంట్లో రాలినవాటికి ఆ మర్యాద లేదు, సబ్బు మడ్డితో కలిసి జడలా అల్లుకుని కూర్చుంటాయి. వాటిని సోడా కరిగించదు, వినిగర్ కరిగించదు, నిమ్మకాయా కరిగించదు. జాలీ ఎత్తి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, కొస వంచిన తీగతో లాగడమే మార్గం. అసహ్యంగా ఉంటుంది, కానీ పైసా ఖర్చు లేదు.

జిడ్డుకు మాత్రం వేడినీళ్లే అసలు మందు. గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా తూములో పోసి, వెనకే ఒక గిన్నెడు వేడినీళ్లు నెమ్మదిగా పొయ్యండి, రెండు మూడు విడతలుగా. నీళ్లు మరుగుతూ ఉండకూడదు. ఇక్కడి గొట్టాలు ఎక్కువగా పీవీసీవి. మరిగే నీళ్లకు అవి మెత్తబడతాయి, అతుకులు వదులవుతాయి. దించాక కొద్దిసేపు ఆరనిచ్చి పోస్తే చాలు.

ఇక సోడా సంగతి. అరకప్పు వంటసోడా తూములో వేసి, ఒక కప్పు వినిగర్ పోసి, పావుగంట ఆగి వేడినీళ్లు వదలమంటారు. నురగ బుసబుసా పొంగుతుంది, చూడముచ్చటగానే ఉంటుంది. అది కార్బన్ డయాక్సైడు. ఆ కదలిక వల్ల పైపైన పట్టిన మడ్డి కొంత వదులుతుంది, వాసనా తగ్గుతుంది. కానీ సోడా క్షారం, వినిగర్ ఆమ్లం. రెండూ కలిశాక ఒకదాని బలాన్ని ఒకటి మింగేసి చివరికి మిగిలేది కాస్త ఉప్పదనమున్న నీళ్లే. నీళ్లు నెమ్మదిగానైనా దిగుతున్న తూముకు నెలకోసారి ఇలా చేయవచ్చు. పూర్తిగా మూసుకుపోయినదానికి దీన్ని నమ్ముకోవద్దు. అక్కడ రబ్బరు కప్పున్న ప్లంజర్ కావాలి, ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతుంది. కప్పు మునిగేంత నీళ్లు ఉంచి, సింకుకు ఇంకో కన్నం ఉంటే తడిగుడ్డతో మూసి, గట్టిగా నొక్కుతూ లాగాలి. దానికీ లొంగకపోతే కింద బకెట్టు పెట్టి వంపు గొట్టం మరలను చేత్తో విప్పండి. చాలా ఇళ్లలో అది పనిముట్టు లేకుండానే వస్తుంది.

వినిగర్ నిజంగా పనికొచ్చేది గార మీద, అంటే నీళ్లలోని సున్నం పేరుకుని గట్టిపడిన పొర మీద. తిరుపతికి కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు ఉన్నా అపార్ట్‌మెంట్లలో వాడుకకు చాలాచోట్ల బోరు నీళ్లే. జాలీ కన్నాలను తెల్లటి గార పూడ్చేస్తుంది. వినిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి రుద్దితే వదులుతుంది. నిమ్మరసమైనా సరే. సోడా కలపకండి, పులుపే అక్కడ పనిచేసేది.

ఒక్క హెచ్చరిక మాత్రం మర్చిపోవద్దు. బాత్రూం యాసిడ్‌ను గాని, వినిగర్‌ను గాని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం. తూములో ఇదివరకే ఏదో పొడి వేసి ఉంటే దాని మీద ఇంకేమీ పొయ్యకండి.

సింకు, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ ఒకేసారి మొరాయిస్తే అడ్డు బయటి చాంబరులోనో (ఇంటి గొట్టాలన్నీ కలిసే మూత ఉన్న గుంట), దాని అవతలి మురుగు గొట్టంలోనో ఉన్నట్టు. ఇంటి చిట్కాలు అక్కడికి చేరవు. ఇంటి యజమానికో, అపార్ట్‌మెంటు సంఘానికో, నగరపాలక సంస్థకో చెప్పండి. యంత్రంతో చేయించమని అడగండి. ఎవరో ఒక మనిషిని లోపలికి దించుతామంటే ఒప్పుకోవద్దు. రక్షణ లేకుండా మురుగు కాలువలోకీ సెప్టిక్ ట్యాంకులోకీ మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

మళ్లీ కొన్ని నెలలు విదేశం వెళుతున్నారా? మే నెల ఎండకు ట్రాపులో నిలిచే నీళ్లు ఆవిరైపోతాయి, ఆ దారిన వాసనా బొద్దింకలూ వస్తాయి. తాళం వేసే ముందు ప్రతి తూములో ఒక చెంబు నీళ్లు పోసి, జాలీ మీద బరువైన మూత పెట్టండి. పక్కింటివారి దగ్గర తాళంచెవి ఉంటే నెలకోసారి ఇంకో చెంబు పొయ్యమని చెప్పి వెళ్లండి.