నంది కొండకు ఏ పౌడర్? సైక్లిస్టులు సప్లిమెంట్లు ఎలా వాడాలి?

బెంగళూరులో మనవాళ్ళు కొత్తగా సైకిల్ కొన్నాక అడిగే మొదటి ప్రశ్న సీటు నొప్పి గురించి. రెండోది, "ఏ పౌడర్ వాడతారన్నా?" అడిగినవాళ్ళ జెర్సీ జేబులో చూస్తే అరటిపండు కూడా ఉండదు. కాబట్టి తిండి నుంచే మొదలుపెడదాం.

మొదటి మెట్టు: చక్కెర లెక్క

కండరాల్లో, కాలేయంలో ఒళ్ళు దాచుకునే చక్కెర నిల్వ, అంటే గ్లైకోజన్, గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. బెంగళూరు ఉత్తరాన ఉన్న హెబ్బాళ నుంచి తెల్లవారుజామున బయల్దేరినవాళ్ళకు సరిగ్గా నంది ఘాట్ (నంది కొండ ఎక్కే రోడ్డు) మొదలయ్యేసరికి కళ్ళు బైర్లు కమ్మేది అందుకే. గంట లోపు రైడ్‌కు నీళ్ళు చాలు. రెండు, రెండున్నర గంటలకైతే గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు కావాలి. అంతకు మించిన రైడ్‌లో 90 దాకా వెళ్ళొచ్చు, కానీ పొట్టకు వారాల తరబడి అలవాటు చేయాలి.

ఒట్టి గ్లూకోజ్ పొడిని పేగు గంటకు 60 గ్రాములకు మించి పెద్దగా పీల్చుకోలేదు. మామూలు పంచదారలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సగం సగం ఉంటాయి, ఒక్కోటి ఒక్కో దారిన లోపలికి పోతుంది. అందుకే నా బాటిల్ వంటింట్లోనే తయారవుతుంది: 750 మి.లీ. నీళ్ళు, 10 టీస్పూన్ల పంచదార (సుమారు 40 గ్రాములు), పావు టీస్పూను ఉప్పు, అర నిమ్మచెక్క. ఇది గంటకు ఒకటి, దాంతోపాటు సగం అరటిపండు. ఆకలేసేదాకా ఆగొద్దు, మొదటి అరగంటలోనే మొదలుపెట్టండి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ముందు డాక్టర్‌ను అడగాలి.

రెండో మెట్టు: కాఫీ

నిజంగా పనిచేసే సప్లిమెంట్ ఏదంటే నేను మొదట చెప్పేది కెఫీనే. కిలో బరువుకు 3 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి 180, రైడ్‌కు గంట ముందు. లాభం సగటున 2-3 శాతం. 40 నిమిషాల ఘాట్‌లో నిమిషం తగ్గొచ్చు. చిక్కు ఎక్కడంటే, ఫిల్టర్ కాఫీలో ఎంత ఉందో డికాక్షన్‌ను బట్టి, చికోరీని బట్టి మారుతుంది. గుండె దడ, నిద్రలేమి ఉంటే వదిలేయండి. డోస్ పెంచితే లాభం పెరగదు, చేతులు మాత్రం వణుకుతాయి.

మూడో మెట్టు: బీట్‌రూట్

ఇందులోని నైట్రేట్‌ను నోటిలోని బ్యాక్టీరియా మార్చాకే ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అదే వేగానికి ఆక్సిజన్ కాస్త తక్కువ సరిపోతుంది. జ్యూస్ రెండు మూడు గంటల ముందు తాగాలి, ఆ పొద్దున మౌత్‌వాష్ వాడకూడదు. బాగా సాధన చేసినవాళ్ళకు లాభం తక్కువ, కొత్తవాళ్ళకు కాస్త కనిపిస్తుంది. తర్వాత మూత్రం గులాబీ రంగులో వస్తే టెన్షన్ పడకండి.

వంటసోడా సంగతి నా అనుభవమే చెబుతాను. కిలోకు 0.3 గ్రాముల లెక్కన కలుపుకుని బయల్దేరాను. కడుపు తిరగబడి, దారిలో దేవనహళ్ళి దాటకముందే టాయిలెట్ కోసం హోటల్ వెతుక్కున్నాను. అది నిమిషాల్లో ముగిసే గట్టి పరుగులకు, నాలుగు గంటల రైడ్‌కు కాదు. బీటా-అలనైన్ అనే అమైనో ఆమ్లం పొడి కూడా ఆ కోవదే, చర్మం చిమచిమలాడుతుంది. బీసీఏఏ (కొన్ని రకాల అమైనో ఆమ్లాలు) పొడులకు పెట్టే డబ్బు పల్లీ చిక్కీకి పెట్టండి. ఐరన్ మాత్రలు, రక్తపరీక్షలో ఐరన్ తక్కువని తేలితేనే వాడండి.

నాలుగో మెట్టు: పరీక్ష

వారానికి ఒక్కటే మార్చండి, అదే ఘాట్‌లో, అదే వేళకు. టైమ్ పక్కన గాలి, ముందురాత్రి నిద్ర కూడా రాయండి. ఒక్కసారి బాగొస్తే నమ్మొద్దు, మూడుసార్లైనా చూడాలి. వీలైతే ఒకరోజు కాఫీ, ఒకరోజు డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ), ఏది ఏదో మీకు చెప్పకుండా రూమ్మేట్‌తో కలిపించుకోండి. మా రూమ్‌లో ఒకసారి మామూలు కాఫీ అనుకుని డీకాఫ్ తాగి అదరగొట్టేశాను.

పోటీల్లో పాల్గొనేవాళ్ళకు ఇంకో జాగ్రత్త: లేబుల్ మీద లేని నిషేధిత పదార్థాలు కొన్ని పొడుల్లో కలుస్తుంటాయి. డోపింగ్ పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అంటే చెల్లదు. కొనేముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరుతోపాటు, ఆ బ్యాచ్‌ను నిషేధిత పదార్థాల కోసం విడిగా పరీక్షించారో లేదో చూడండి.