రాత్రి నిద్రకు రాగి జావ

మా రెండున్నరేళ్ల పాప అర్ధరాత్రి లేచి పాల కోసం ఏడ్చేది. సాయంత్రం బిస్కెట్లు తినేసి, అన్నం రెండు ముద్దలతో సరిపెట్టేదని గమనించాం. ఇప్పుడు ఆ బిస్కెట్లు ఆపి, ఏడున్నరకల్లా మెత్తటి పప్పన్నంలో నెయ్యి వేసి పెడుతున్నాం. పడుకునే గంట ముందు పాలు కలిపిన రాగి జావ, వద్దంటే అరటిపండు. రాగిపిండిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, పచ్చివాసన పోయేదాకా ఉడికించాలి. లేకపోతే పిల్లలు నోట్లో పెట్టనివ్వరు! చాక్లెట్‌లో నిద్రను చెడగొట్టే కెఫీన్ ఉంటుంది, అందుకే సాయంత్రం ఇవ్వం. జావ తాగాక పళ్లు తోమిస్తాం. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడితే పళ్లు పుచ్చుతాయి.

ఇప్పుడు చాలా రాత్రులు తెల్లవారేదాకా నిద్రపోతోంది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం నిద్ర పడుతుందని తేనె నాకించకండి, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.